బోరు మీద బోరు: అనంతపురం పల్లెల్లో నీళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నార్పల వైపు ఒక పల్లె. చీనీ (బత్తాయి) తోటల ఊరు. కొన్నేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ, రచ్చబండల మీద రైతులతో కూర్చుని భూగర్భజలం గురించి మాట్లాడుతున్నాను. ఏ ఊరికి పోయినా అవే ప్రశ్నలు ఎదురవుతాయి. కొందరు కోపంగా అడుగుతారు, కొందరు దిగులుగా. నేను చెప్పే జవాబులను ఒకచోట రాసిపెడితే, నేను రాలేని ఊళ్లలో కూడా ఎవరైనా చదివి వినిపిస్తారని ఇది రాస్తున్నాను.

బోరు వేసుకోవడం తప్పంటారా?

అనను. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడాల్సిన రోజున పడదు. పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘాలు తేలిపోతాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాలు కూడా మన దాకా వచ్చేసరికి అంతంతమాత్రమే. శెనక్కాయ ఊడలు దిగే సమయంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే, బోరు ఉన్నవాడు ఒక్క తడి పెట్టి పంట దక్కించుకుంటాడు. లేనివాడికి కట్టె మాత్రమే మిగులుతుంది. ఇది కళ్లారా చూసినవాడెవడూ బోరు వేయకుండా ఉండలేడు. మా నాయనా వేశాడు. ఆయన స్థానంలో నేనున్నా వేసేవాణ్ని.

నా పొలం, నా డబ్బు, నా బోరు. పక్కవాళ్లకు ఏం సంబంధం?

చట్టం కూడా ఇంచుమించు ఇదే మాట అంటుంది. తన నేల కింది నీటిని తోడుకునే హక్కు భూమి యజమానికి ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కాలం నుంచి ఒప్పుకుంటూ వస్తున్నారు. అయితే కింద ఉన్న రాయికి మన సర్వే నంబర్లు తెలియవు.

తాడిపత్రి వైపు సున్నపురాయి నేలలను పక్కన పెడితే, జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది గట్టి గ్రానైటు జాతి రాయి. పైన కొన్ని పదుల అడుగుల మేర అది పుచ్చి మెత్తబడి ఉంటుంది. వాన నీళ్లు ఇంకి నిలిచే అసలు తొట్టి అదే. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడ పగుళ్లు. మన బోరుకు నీళ్లు పడినాయంటే ఆ పగుళ్లలో ఒకటి తగిలిందని అర్థం. ఆ పగులు మన గట్టు దగ్గర ఆగిపోదు. పక్క చేని కిందికి పోతుంది, ఆ పక్క వంక కిందికి కూడా పోతుంది. పైన మెత్తరాయిలో ఊరిన నీళ్లే దాంట్లోకి దిగుతుంటాయి. అంటే అందరం ఒకే కుండలో వేర్వేరు గొట్టాలు పెట్టి పీలుస్తున్నాం.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. 2001లో మా నాయన చీనీ తోటను కాపాడుకోవడానికి మూడో బోరు వేశాడు. మంచి నీళ్లు పడినాయి. గట్టు అవతల మా చిన్నాయనకు ఊటబావి ఉండేది. దాదాపు నలభై అడుగుల లోతు, మా జేజినాయన మనుషులను పెట్టి తవ్వించింది. ఆ వేసవి దాటకుండానే అది అడుగంటింది. మా నాయన ఏ తప్పూ చేయలేదు, తమ్ముణ్ని ముంచాలని కలలో కూడా అనుకోలేదు. అయినా ఆ బావి ఎండింది. తర్వాత చిన్నాయన అప్పు తెచ్చి మా బోరు కంటే లోతుగా తన బోరు వేశాడు. ఇంకో రెండేళ్లకు మా మూడో బోరు ఆగిపోయింది.

సరే, పక్కాయప్ప వేస్తూనే ఉంటే నేనొక్కణ్ని ఆగి ఏం లాభం?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అడిగిన ప్రతివాడూ దీన్ని సవాలు విసిరినట్టు అడుగుతాడు. నిజం చెబుతాను: ఒక్కడివే ఆగితే లాభం లేదు, నష్టమే. ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, లెక్క మాత్రం నిజం.

ఒకే నీటి పొర మీద పదిమంది రైతులున్నారు. ఆ పొర ఏటా ఒక్కొక్కరికి ఒక ఎకరా వేసవి పంటను తట్టుకుంటుంది. ఒకరు రెండో ఎకరా కూడా తడిపారనుకుందాం. ఆ ఎకరా మీద ఆయనకు 30,000 రూపాయలు మిగులుతాయి. నీటి మట్టం దిగినందుకు మోటారు కిందికి దించుకోవడం, పైపులు కలుపుకోవడం, కాయ దిగుబడి తగ్గడం అన్నీ కలిపి ఊరికి 50,000 నష్టం. కానీ ఆ నష్టం పదిమంది మీద పడుతుంది, తలా 5,000. రెండో ఎకరా పెట్టినాయనకు 30,000 వచ్చి 5,000 పోయింది. 25,000 చేతిలో మిగిలింది. ఆయన లెక్క తప్పేమీ కాదు.

ఇప్పుడు పదిమందీ అదే పని చేశారు. ఒక్కొక్కరికి 30,000 వచ్చింది, పది ఐదువేలు యాభైవేలు పోయింది. తలా 20,000 నష్టం. ఎవరూ రెండో ఎకరా జోలికి పోకపోతే ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

అయితే తొమ్మిదిమంది పెడుతుంటే నువ్వొక్కడివే మానేశావనుకో. నీకు 30,000 రాలేదు. తొమ్మిదిమంది వల్ల 45,000 పోయింది. పెట్టుంటే పోయేది 20,000. అంటే నష్టం నడుస్తున్నప్పుడు కూడా, మానడం కంటే పెట్టడమే ఒక్కొక్కడికి మేలు. ఎంత బుద్ధి చెప్పినా బోర్లు ఆగకపోవడానికి కారణం ఇదే. “రైతుల్లో అవగాహన లేదు” అని మీటింగుల్లో ఎవరైనా అంటుంటే నాకు బాధేస్తుంది. అవగాహన ఉంది. లెక్క కూడా సరిగ్గానే వేశారు. ఆ లెక్కను ఒక్కొక్కరుగా వేసినంతకాలం ఇంకో జవాబు రాదు.

ఇదంతా మనిషి ఆశ వల్లే కదా?

పాల గంగాళం కథ అందరం విన్నాం. రాజుగారు తలా చెంబెడు పాలు పోయమంటే, చీకట్లో ఎవరికి తెలుస్తుందిలే అని అందరూ నీళ్లు పోస్తారు. తెల్లారి చూస్తే గంగాళం నిండా నీళ్లే. ఈ విషయానికి చాలామంది ఆ కథనే ఉదాహరణగా చెబుతారు. నాకు అది సరిపోదనిపిస్తుంది. అందులో జనం మోసం చేశారు. ఇక్కడ మోసం ఎక్కడుంది? కూతురి పెళ్లి అప్పు తీర్చాలనో, పదేళ్లు బిడ్డల్లా సాకిన చీనీ చెట్లు కళ్ల ముందు ఎండిపోతుంటే చూడలేకనో బోరు బండిని పిలిచినవాణ్ని ఆశపోతు అనడానికి నాకు నోరు రాదు.

ఈ చిక్కును పండితులు చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు. విలియం ఫోర్‌స్టర్ లాయిడ్ అనే ఇంగ్లండు ఆచార్యుడు 1833లో ఉమ్మడి మేత బీడు ఉదాహరణతో దీన్ని వివరించాడు. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త అదే బీడును మళ్లీ ముందుకు తెచ్చాడు. ప్రతి కాపరికీ ఇంకో పశువును తోలడమే లాభం, చివరికి బీడు మిగలదు అన్నాడు. సర్కారు అదుపులోనైనా ఉండాలి, లేదా ముక్కలు చేసి సొంతానికైనా పంచాలి, అంతకంటే దారి లేదన్నట్టు రాశాడు. ఆ రెండో దారి మన నీళ్లకు పనికిరాదు. నేలకు గట్టు వేయగలం గానీ, కిందున్న నీటికి గట్టు వేయలేం కదా.

ఇంకా లోతుకు పోతే దొరకవా? వెయ్యి అడుగులకు పడిందంటున్నారే!

పడుతుంది, ఒక్కోసారి. ఊళ్లో ఒకరికి పడితే ఆ సంగతి పది ఊళ్లకు పాకుతుంది. దుమ్ము లేచిన తొమ్మిది బోర్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఆ రైతు కూడా సిగ్గుతో నోరెత్తడు.

లోతుకు పోయేకొద్దీ మూడు ఇబ్బందులు. బోరు బండివాళ్లు అడుగు లెక్కన తీసుకుంటారు, లోతు పెరిగేకొద్దీ ఆ అడుగు రేటు కూడా పెరుగుతుంది. రాయి లోపలికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. దొరికిన నీళ్లు చాలాచోట్ల ఫ్లోరైడు నీళ్లు. అవి తాగి పళ్లు గారపట్టిన పిల్లలను, నడుములు వంగిపోయిన పెద్దలను ఈ జిల్లాలో చూడని వాళ్లు తక్కువ. పుట్టపర్తి సత్యసాయి తాగునీటి పథకం 1990లలో వందల పల్లెలకు పైపులు వేయాల్సి వచ్చింది కూడా అందుకే.

ఇంకో మాట. లోతు బోరు కొత్త నీటినేం పుట్టించదు. పైనున్న నీళ్లే మెల్లగా కిందికి జారి దాంట్లోకి చేరుతాయి. అంటే 800 అడుగుల బోరు వేసినవాడు, 300 అడుగుల బోరువాడి నీళ్లను కిందనుంచి లాగుతున్నాడు.

అసలు మనకు ఏడాదికి ఎన్ని నీళ్లు దిగుతాయి?

ఒక ఎకరా మీద 550 మిల్లీమీటర్ల వాన అంటే 22 లక్షల లీటర్లు. అందులో రమారమి పదో వంతు ఇంకుతుందని పెట్టుకుంటే 2.2 లక్షల లీటర్లు. మిగతాది ఆవిరవుతుంది, పైరు తాగుతుంది, వంకలో పోతుంది.

బోరు కింద ఒక ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే 48 లక్షల లీటర్లు కావాలి. మడిలో నిలిచి కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే. అది తీసేసినా ఒక ఎకరా వరి పదిహేను ఇరవై ఎకరాల మీద దిగిన నీటిని తాగేస్తుంది. ఆ పదిహేను ఇరవై ఎకరాలు ఎవరివి? ఎక్కువగా బోరే లేని వాళ్లవి. ఈ లెక్కను నేలమీద సుద్దముక్కతో రాసి చూపించినప్పుడు ఎప్పుడూ ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు.

ఉచిత కరెంటు వల్లే ఇదంతా అంటారు. నిజమేనా?

కొంత నిజం. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక, ఇంకో గంట మోటారు ఆడించడానికి రైతుకు పైసా ఖర్చు లేకుండా పోయింది. ఖర్చు లేని చోట ఆపాలన్న ఆలోచన రావడం కష్టం. కానీ అంతకుముందే, 1990లలోనే, ఊటబావులు ఎండడం, బోర్ల పోటీ మొదలైపోయాయి. కాలువ కింది రైతుకు సర్కారు కట్టిన డ్యాము నీళ్లు వస్తుంటే, మెట్ట రైతు సొంత డబ్బుతో రాయి తొలిచి నీళ్లు తెచ్చుకున్నాడు. వాడికి ఇచ్చిన ఒక్క సాయాన్ని తీసేయమని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. తోడే నీళ్లకు లెక్క ఉండాలి, అంతే.

కరెంటోళ్లు ఆటో స్టార్టరు తీసేయమంటారెందుకు?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. భూమి కింద కనిపించకుండా జరిగేదంతా ఇక్కడ స్తంభం మీద కళ్లకు కనిపిస్తుంది.

ఏళ్ల తరబడి మనకు రాత్రి కరెంటే ఉండేది. ఏ గంటకు వస్తుందో తెలిసేది కాదు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయి, పాము కరిచి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకుని షాకు కొట్టి చనిపోయినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. అందుకని రైతు ఆటో స్టార్టరు పెట్టుకున్నాడు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే మొదలవుతుంది. ఇంతకంటే తెలివైన పని ఏముంది?

మోటారు మొదలయ్యే క్షణంలో అది మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద పాతిక మోటార్లుంటే, అందరికీ ఆటో స్టార్టర్లుంటే, కరెంటు వచ్చిన అదే సెకనులో పాతికా ఒక్కసారిగా లాగుతాయి. వోల్టేజి పడిపోతుంది. ఫ్యూజు పోతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. పడిపోయిన వోల్టేజిలో తిరిగిన మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి వైండింగ్ కాలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మరు స్థానంలో కొత్తది వచ్చేలోపు పైరు వాడిపోతుంది. పాణం కాపాడుకోవడానికి పెట్టుకున్న పెట్టె పంటను కాల్చేసింది.

మోటారుకు బిగించే చిన్న పరికరం కెపాసిటరు. దాని సంగతి దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. ఒక్కడు బిగిస్తే వాడికి పెద్దగా తేడా తెలియదు, డబ్బు దండగ అనిపిస్తుంది. ఆ లైను మీద అందరూ బిగిస్తే వోల్టేజి నిలబడుతుంది, మోటార్లు కాలడం తగ్గుతుంది. ఒక్కడు చేస్తే లాభం లేని పని, అందరూ చేస్తే అందరికీ లాభం. అందుకే ఎవరూ మొదలుపెట్టరు.

కొన్నిచోట్ల పెద్ద ట్రాన్స్‌ఫార్మరు తీసేసి, నాలుగైదు మోటార్లకొక చిన్నది పెట్టారు. అప్పుడొక మార్పు వచ్చింది. కాలితే ఎవరి మోటార్ల వల్ల కాలిందో ఆ నలుగురికీ తెలుసు. “అన్నా, నువ్వు పొద్దున ఆడించుకో, నేను మధ్యాన్నం పెట్టుకుంటా” అనే మాట దానంతట అదే వచ్చింది. పాతికమందిలో ఆ మాట పుట్టడం కష్టం. నేను ఏ ఊళ్లో మాట్లాడినా ముందు ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మరు సంగతే చెబుతాను.

డ్రిప్పు పెట్టుకున్నాం కదా, ఇంకేం భయం?

డ్రిప్పు మంచిదే. 2003లో రాష్ట్రంలో సూక్ష్మసేద్యం పథకం మొదలైనప్పటి నుంచి మన జిల్లాలో చాలా తోటలు దానివల్లే నిలబడ్డాయి. అయితే ఒక ఎకరా నీళ్లతో రెండెకరాలు తడుస్తాయని తెలిసిన రైతు ఏం చేస్తాడు? రెండెకరాలు తడుపుతాడు. నేనైనా అదే చేస్తాను. చెట్టుకు పోయే నీళ్లు తగ్గినాయి, బోరులోంచి వచ్చే నీళ్లు తగ్గలేదు. విస్తీర్ణం పెంచకూడదన్న ఊరి మాట తోడు లేకపోతే, డ్రిప్పు పొదుపు చేసిన నీళ్లు ఇంకో తోటగా మారుతాయి.

హంద్రీనీవా కాలువ నీళ్లు వచ్చేసినాయి. ఇక బోర్ల గొడవ ఎందుకు?

2012లో శ్రీశైలం వెనక నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరినప్పుడు మా ఊళ్లో టెంకాయలు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. చెరువులకు మళ్లించిన చోట చుట్టుపక్కల బోర్లు మళ్లీ పోశాయి. సంతోషమే.

కానీ కాలువ గట్టున మోటార్లు పెట్టి లాగుతుంటే కింది ఊళ్లకు ఏం చేరుతుంది? తుంగభద్ర ఎగువ కాలువ చివరి ఊళ్లవాళ్లను అడగండి, దశాబ్దాలుగా ఇదే ఏడుపు. పైనుంచి వచ్చే నీళ్లకైనా, కింద ఊరే నీళ్లకైనా వాటా చెప్పుకోకపోతే కథ ఒకటే.

మన పెద్దలు ఎట్ల నడిపించారు?

బుక్కరాయసముద్రం చెరువు చూడండి. విజయనగర కాలం నుంచి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. రాయలసీమలో చెరువు కట్టి బాగుచేసిన వారికి దశబంధం అనే పేరుతో మాన్యం భూమి ఇచ్చే పద్ధతి ఉండేది. నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కయ్యకు ఎంతసేపు పారాలో వాడి మాటే. సొంత పొలం ఉన్న ఆసామి కూడా తూము మీద చేయి వేయకూడదు. నీళ్లు తక్కువైన ఏడు ఆయకట్టులో కొంతభాగానికే పారించి, అందరికీ ఆ భాగంలో తలా కొంత మడి ఇచ్చే ఊళ్లూ ఉండేవి.

ఆ రోజులే బంగారం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. చెరువు కింద మడి లేని కులాలకు ఆ వంతుల్లో వంతు లేదు. నీరుగంటి పనిని చేసింది ఎక్కువగా ఆ కులాలవాళ్లే, నీళ్లు పారింది వేరేవాళ్ల పొలాల్లో. అయినా ఒక సంగతి అప్పటివాళ్లకు తెలుసు: చెరువులో నీళ్లెన్నో కట్ట మీద నిలబడితే కనిపిస్తాయి. చూసి, పంచుకున్నారు. బోరు వచ్చాక నీళ్లు కంటికి కనపడకుండా పోయినాయి. ఎవరింటి స్విచ్చు వాళ్లది. నీరుగంటి అవసరం లేదనుకున్నాం, చెరువులో పూడిక పెరిగింది, వంకలు పూడినాయి.

దీనికి చట్టం లేదా?

ఉంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. బావులు నమోదు చేయాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల బోరు వేయకూడదు, బోరు బండ్లు కూడా నమోదై ఉండాలి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు బండి రాత్రి వచ్చి తెల్లారేసరికి తొలిచి పోతే ఏ అధికారి చూస్తాడు? పక్కింటివాడు చూస్తాడు. వాడు నోరు విప్పడు, రేపు వాడికీ బండి కావాలి కాబట్టి. చట్టం పనికిరాదని నేననను. ఊరు వెనక నిలబడని చట్టం కాగితం మీదే ఉంటుంది.

ఎక్కడైనా మనుషులు కలిసి ఆపగలిగారా? కథలు కాదు, నిజంగా.

ఆపగలిగారు. హార్డిన్ అన్న మాటను జీవితమంతా పరీక్షించిన మనిషి ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న మొదటి మహిళ. ఆమె డాక్టరేటు పరిశోధన దేని మీదో తెలిస్తే మన రైతులు ఆశ్చర్యపోతారు: బోర్ల మీదే. లాస్ ఏంజిలిస్ పక్కన ఎవరికి వాళ్లు తోడేస్తుంటే సముద్రపు ఉప్పునీరు నేల కిందికి చొరబడింది. అక్కడి తోడేవాళ్లు సంఘంగా కూడి, లెక్కలు బయటపెట్టుకుని, ఎవరు ఎంత తోడాలో కోర్టు ముందు ఒప్పందానికి వచ్చారు. ఆ తర్వాత ఆమె స్విట్జర్లాండు కొండ బీళ్లు, స్పెయిన్ కాలువలు, నేపాల్ పంటకాలువలు కూడా పరిశీలించింది. మనుషులకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుంటే, తమ నియమాలు తామే పెట్టుకుంటే, బీడు మిగులుతుందని చూపించింది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే మహారాష్ట్రలోని హివరే బజార్. మనలాగే కరువు ఊరు. పోపట్‌రావ్ పవార్ 1989లో సర్పంచి అయ్యాక, సేద్యానికి బోర్లు వద్దని, చెరకు, అరటి వద్దని ఊరే తీర్మానించుకుంది. ఏటా ఎన్ని నీళ్లున్నాయో లెక్క కట్టి ఏ పంట వేయాలో నిర్ణయిస్తారు.

ఇంకా దగ్గరిది మన జిల్లాలోనే. 2003 తర్వాత కొన్నేళ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, అనంతపురం, కడప, కర్నూలు సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం నడిచింది. వాన ఎంత పడిందో, బోరులో మట్టం ఎక్కడుందో రైతులే కొలిచి గోడ మీద రాసేవారు. ఆడవాళ్లు కూడా టేపు పట్టుకుని కొలిచారు. రబీ ముందు అందరూ కూర్చుని నీళ్ల బడ్జెట్టు వేసేవారు. ఎవరినీ ఏ పంటా వేయొద్దని బలవంతపెట్టలేదు. పక్కాయప్ప ఏం వేస్తున్నాడో, మొత్తం కలిపితే నీళ్లు చాలతాయో లేదో అందరికీ ఒకేసారి తెలిసింది. అంతే. చాలాచోట్ల వరి దానంతట అదే తగ్గింది.

టమోటా ధర పడిపోవడం కూడా ఇలాంటిదేనా?

చుట్టమే. ధర చూసి అందరం ఒకేసారి నారు పోస్తాం, మూడు నెలలకు పత్తికొండ మార్కెట్లో గంపలు రోడ్డు మీద పారబోస్తాం. తేడా ఏమిటంటే, టమోటా వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది.

మాట ఇచ్చి తప్పినవాణ్ని ఏం చేయాలి?

మొదటిసారి ఇంటికి పోయి అడగాలి. నలుగురిలో కాదు. చాలాసార్లు ఏదో కష్టం ఉంటుంది: అప్పువాడు నిలబడ్డాడనో, కొడుకు ఫీజు కట్టాలనో. రెండోసారి నలుగురిలో అడగాలి. మూడోసారికి ఊరు ముందే రాసుకున్న జరిమానా. తొలిరోజే పెద్ద శిక్ష పెట్టిన ఊళ్లలో ఒప్పందం నెల తిరగకముందే తెగిపోవడం నేను చూశాను. ఏ శిక్షా పెట్టని ఊళ్లలో రెండో పంటకే తెగిపోయింది. ఇంకొకటి: ఊరి పెద్ద తప్పితే ఎవరు అడుగుతారో ముందే తేల్చుకోవాలి. అది తేలకపోతే చిన్న రైతు సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా.

బోరు లేనివాళ్ల సంగతేంటి? వాళ్లెందుకు మీటింగుకు రావాలి?

ముందు రావాల్సింది వాళ్లే. వాళ్ల చేల మీద పడిన వాన కూడా మన బోర్లలోకి దిగుతోంది. అడగని వాళ్ల వాటానే మనం తోడుతున్నాం.

బోరున్న రైతు వరి మానేసి ఆరుతడి పంట పెడితే కొన్ని నీళ్లు మిగులుతాయి. ఆ నీళ్లతో పైపు వేసి, ఊడలు దిగే సమయంలో పక్కనున్న ఐదారు ఎకరాల వాన పంటకు ఒకటి రెండు తడులు ఇవ్వొచ్చు. అందుకు బదులుగా ఆ పక్కవాళ్లు పదేళ్లపాటు కొత్త బోరు వేయమని రాసిస్తారు. బోరున్నవాడికి పోటీ బోరు భయం పోయింది, లేనివాడికి అప్పు చేసి రాయి తొలిచే బాధ పోయింది. ఇలాంటి ఒప్పందం మా ఊళ్లో ఒకచోట కుదిరింది, మా పొలంలోనే. మాకు ఇప్పుడున్న బోరు నుంచి గట్టు కింద పైపు దాటించి చిన్నాయన కొడుకు శెనక్కాయకు నీళ్లిస్తున్నాం. వాడు బోరు వేయడం మానుకున్నాడు. పైపు వేసిన రోజు మా చిన్నాయన వచ్చి, ఎండిపోయిన ఆ పాత బావి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు.

మేమూ మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఎప్పుడు, ఎట్ల?

ఊరంతటితో మొదలుపెట్టకండి. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది వాళ్లతోనో, ఒకే వంక పక్కన పొలాలున్న పదిమందితోనో మొదలుపెట్టండి. వాడని బోరు ఒకటి చూసుకుని పదిహేను రోజులకొకసారి మట్టం కొలవండి. దగ్గరి మోటార్లు కొన్ని గంటలు ఆపి కొలిస్తేనే సరైన లెక్క వస్తుంది. బడి ఆవరణలో వానమాపకం పెట్టి, పిల్లలతో రాయించండి. అంకెలు పుస్తకంలో దాచకుండా గోడ మీద రాయండి.

అక్టోబరు చివర, ఈశాన్య వానలు ఎట్లున్నాయో కొంత తేలాక, రబీ విత్తనం కొనకముందే కూర్చోండి. విత్తనం కొన్నాక ఎవరూ మనసు మార్చుకోరు. చాపల మీద అందరూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. ఆడవాళ్లను పిలవండి, బిందెతో నీళ్ల వెంట తిరిగేది వాళ్లే. మొదటి ప్రశ్నగా “నువ్వేం మానేస్తావు?” అని ఎవరినీ అడగొద్దు. “ఈ ఏడు ఏం వేద్దామనుకుంటున్నావు?” అని వరసగా ఒక్కొక్కరినీ అడిగి, నేల మీద సుద్దతో రాస్తూ పోండి. అన్నీ కూడిన తర్వాత పక్కనే గోడ మీది మట్టం అంకె రాయండి. ఆ తర్వాత కాసేపు మీరేమీ మాట్లాడకండి.